నిల్వ తగ్గితే అది అప్పు కాదు

వానాకాలంలో నౌపడ మడుల్లో ఉప్పు పండదు. కూలి తగ్గుతుంది, ఖాతాలో నిల్వా తగ్గుతుంది. అప్పుడు కనీస నిల్వ లేదని బ్యాంకు రుసుము కోయడం న్యాయమేనా? ఖాతా నడపడానికి ఖర్చవుతుంది, షరతులకు ఒప్పుకొనే సంతకం పెట్టారు కదా అని కొందరంటారు. నిజమే. తీసుకున్న అప్పు తీర్చడం మన బాధ్యత. కానీ నిల్వ తగ్గడం అప్పు చేయడం కాదు. రిజర్వు బ్యాంకు 2015 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నియమాలు ఈ రుసుముకు హద్దులు పెట్టాయి. బ్యాంకు ముందుగా ఖాతాదారుకు తెలపాలి. తగ్గిన మొత్తాన్ని బట్టే రుసుము వేయాలి. ఆ రుసుము వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదు.

ఈ రుసుము లేకపోతే బ్యాంకు నడవదా? స్టేట్ బ్యాంకు 2020లోనే పొదుపు ఖాతాలన్నిటికీ దీన్ని ఎత్తేసింది. జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాకు కనీస నిల్వే అక్కర్లేదు. కాబట్టి మీ ఖాతా ఏ రకమో శాఖలో అడగండి. అవసరమైతే ప్రాథమిక ఖాతాగా మార్చమని కోరండి. అన్యాయంగా కోస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయండి. మరోసారి చెబుతున్నాను. అప్పు తీర్చడం మన బాధ్యత. చెప్పకుండా కోయకపోవడం బ్యాంకు బాధ్యత.