మన పాలన సరే, మన బావి సంగతేంది?

(పోతిరెడ్డిపల్లిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వేచ్ఛ గురించి మాట్లాడుమంటే ఫ్రాన్స్ దాకా ఎందుకు పోతున్నరని అడుగుతరేమో. ఫ్రెంచి విప్లవం పేరెత్తని సభ మన దగ్గర లేదు. ఆ విప్లవం తర్వాత కూసొని దాని మంచీచెడ్డా లెక్క చూసినవాళ్ల పేర్లు మాత్రం మనం ఎత్తం. వాళ్లు షావుకార్ల వకీళ్లని పక్కకు పెట్టినం. మేమూ చాన్నాళ్లు అట్లనే అనుకున్నం.

1819లో పారిస్‌లో బెంజమిన్ కాన్‌స్టంట్ ఇట్లాంటి సభలోనే ఒక ప్రసంగం చేసిండు. పాతకాలపు గ్రీకు, రోమన్ పౌరులకు స్వేచ్ఛ అంటే అందరూ ఒకచోట చేరి యుద్ధమా, సంధా తేల్చుకోవడం. అట్లా తేల్చిన మనిషే ఇంటికి పోతే సమాజం చేతిలో బందీ. ఏ దేవుణ్ని మొక్కాల్నో కూడా ఆయన ఇష్టం కాదు. ఈ కాలపు స్వేచ్ఛ వేరన్నడు కాన్‌స్టంట్. తన మాట తను చెప్పుకోవడం, తన పని తను ఎంచుకోవడం, తన ఆస్తి తను అనుభవించడం, చట్టం లేకుండా ఎవరూ జైల్లో వెయ్యకుండా ఉండడం. మొదటిదాన్ని ఆయన వద్దనలేదు. సొంత పనుల్లో పడి అధికారం మీదనుంచి చూపు తిప్పుకుంటే రెండోదీ దక్కదన్నడు. అయితే ఏలేది ఎవరన్నది ఒక ప్రశ్న, ఆ ఏలుబడి ఎక్కడ ఆగాలన్నది ఇంకో ప్రశ్న.

మొదటి ప్రశ్న మీద మనం 1969 నుంచి కొట్లాడినం. 2014 జూన్ 2న జవాబు వచ్చింది. రెండో ప్రశ్న మరుసటేడే ముందుకొచ్చింది. 2015 జూలైలో 123 నంబరు జీవో వచ్చింది. తెచ్చింది ఆంధ్ర సర్కారు కాదు, మనం ఓట్లేసిన సర్కారు. 2013 భూసేకరణ చట్టాన్ని పక్కన పెట్టి భూములు నేరుగా కొనే దారి అది. చట్టంలో భూమి లేని కూలీలకూ పునరావాసం ఉంది. జీవో మాత్రం భూమి ఉన్నవాళ్లతోనే బేరమాడింది. ఇదే ముంబై రోడ్డు మీద పడమరకు పోతే జహీరాబాద్ నిమ్జ్ భూములొస్తయి. మన ఉమ్మడి మెదక్ జిల్లా కూలీలు కోర్టుకెక్కితే 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేసిండు. తర్వాత అప్పీళ్లు నడిచినయి. కాన్‌స్టంట్ పేరు ఆ కూలీలు విని ఉండరు. అడిగింది మాత్రం ఆయన అడిగిందే.

అదే రోడ్డు మీద తూర్పుకు పోతే పటాన్‌చెరు. అక్కడ ఇంకొకాయన పనికొస్తడు, ఫ్రెడెరిక్ బాస్టియా. 1850లో, చచ్చిపోయిన యేడే, కనిపించేది, కనిపించనిది అని ఒక పుస్తకం రాసిండు. పోరగాడు కిటికీ అద్దం పగలగొడితే అద్దాలవానికి పని దొరికిందని వాడకట్టు సంబురపడతది. ఆ పైసలతోటి ఇంటాయన కొనుక్కోవాల్సిన చెప్పుల జత ఎవ్వరికీ కనపడదు.

పటాన్‌చెరులో కనపడేది ఫ్యాక్టరీ గేటు, షిఫ్టు బస్సు, జీతం. అది అబద్ధం కాదు, ఈ సభలో ఎందరి అన్నమో దానిమీదనే ఉన్నది. కనపడనిది నక్కవాగు పొడుగునా పాడైన పొలాలు, బావులు. 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు ఇది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటకొచ్చే నీళ్లు పరీక్షించిన ఫలితాలు అచ్చేసిన్రు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలొచ్చే ప్లాంటు అది. శుద్ధి చేసినంక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. మనం మింగే మందే, వాగుకు పోసిన్రు.

ఒక్కడు పక్కోని బావిల విషం పోస్తే పోలీసు కేసు. అదే పని ఎస్టేటు చేస్తే అభివృద్ధి. ఒక మనిషి చేస్తే నేరమయ్యే పని చట్టం చాటున జరిగితే దోపిడీయే అన్నడు బాస్టియా. షావుకార్ల వకీలనుకున్నాయన రైతు దిక్కు నిలబడ్డడు.

వాళ్లను నెత్తిన పెట్టుకోమంటలేము. ఊరి పాలనే స్వేచ్ఛకు బడి అన్న టాక్‌విల్, అల్జీరియాను ఫ్రాన్స్ ఆక్రమిస్తే సమర్థించిండు. ఆయన స్వేచ్ఛ సముద్రం దాటలేదు. అల్జీరియా మీద పోసే పన్నుల సొమ్మును బాస్టియా అదే పుస్తకంలో తప్పుపట్టిండు, అది వేరే సంగతి.

ఉద్యోగ మిత్రులకు ఒక అనుమానం ఉన్నట్టున్నది: ఈ లెక్కన సర్కారు కొలువులు కూడా కనిపించని ఖర్చేనా అని. బాస్టియా అయితే అవునంటడు. మేము కాదంటము. కూసొని వాదించుకుందాం, అడగండి.