ఒక పాటకు గల పాఠాంతరములు

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులకు ఒకే పద్యమునకు పెక్కు పాఠములు కనబడును. అందు కవి వ్రాసిన దేదియో యని వారు తర్కింతురు. ఆ భేదములు చాలవరకు లేఖకుల చేతిలో పుట్టినవి. పాట కట్టినవాడే దానిని పలువిధముల పాడి, ఆ పాఠములన్నియు నిలిచియున్నచో నెట్లుండును? అట్టి వృత్తాంత మొకటి నేడు మనవి చేసెదను.

1966 నవంబరులో లండను నగరమున, అబీ రోడ్డులోని స్టూడియోలో, బీటిల్సు అను నలుగురు ఆంగ్ల గాయకులు 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' అను పాటను టేపుపై నెక్కింప నారంభించిరి. వారిది రాక్ అను సంగీతము. వారు దానిని పలుమారులు పాడిరి. ఒక పాఠము మెల్లనిది, మృదువైనది. వేరొకటి బాకాలతోను, సెల్లో వాద్యములతోను గంభీరమైనది, వడిగలది. పాట కట్టిన జాన్ లెనన్‌కు మొదటిదాని ఆరంభమును, రెండవదాని ముగింపును నచ్చినవి. రెంటిని కలుపుమని నిర్మాత జార్జి మార్టిన్‌ను కోరెను. శ్రుతియు వేరు, లయయు వేరు. అయినను వడిగలదాని శ్రుతియే హెచ్చు. టేపు వేగము తగ్గించిన లయయు శ్రుతియు కూడ దిగును. ఆ యుపాయముచే రెండును కుదిరినవి. ఇంచుమించు ఒక నిమిషము గడచినచోట ఆ యతుకు కలదు. 1967 ఫిబ్రవరిలో పాట వెలువడెను.

1980లో లెనన్ హతుడయ్యెను. 1996లో తొలి పాఠములు కొన్ని లోకమునకు వినవచ్చినవి. 2016లో మార్టిన్ పరమపదించెను. మరుసటి యేట ఆయన కుమారుడు గైల్స్, 'సార్జెంట్ పెప్పర్' అను ఆల్బమునకు ఏబది యేండ్లు నిండగా, మాతృక టేపులలోని ధ్వనులను మరల సమకూర్చి క్రొత్తగా వెలువరించెను. ఈ పాటయు, దాని పాఠాంతరములును అందు చేర్చబడినవి.

కర్త విడిచిన పాఠములను ఆయన యనంతరము బయటపెట్టుట న్యాయమా యని కొందర డుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. అయినను ఆ పాఠములు వినినవారికి, పాట ఒక్క క్షణమున ఆకాశమునుండి ఊడిపడలేదనియు, శ్రమచే నిలిచినదనియు తెలియును. శిల్పమును చూచినవాడు ఉలిదెబ్బలను కూడ చూచినట్లగును. మెరుగుపెట్టుటయు దోషము కాదు. మెరుగుపెట్టినదానిని నిలిపి, కర్తలు తమ కాలమున మెచ్చి పంపిన పాఠమును మరుగుపరచుటయే దోషము. అచ్చుప్రతి వచ్చినదని తాళపత్రమును పొయ్యిలో వేయుదుమా?