అనుభవం అడగాల్సిన చోట అడుగుదాం

(కర్నూలు జిల్లా కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



రిజర్వుడు సీటుకు మనోడు సర్పంచిగా నామినేషన్ వేస్తే చాలు, రచ్చకట్ట మీద ఒకటే మాట: "వానికేం అనుభవముందప్పా? చట్టం తెలుసునా, కాగితం తెలుసునా?" ఈపొద్దు దీనికి జవాబు చెప్పుకుందాం.

చట్టం ఏమంటుంది? సర్పంచికి 21 ఏళ్లు, ఎమ్మెల్యేకు 25 ఏళ్లు నిండాలి. ఓటర్ల జాబితాలో పేరుండాలి. కొన్ని అనర్హతలున్నాయి. ఇన్నేళ్ల అనుభవం కావాలని యాడా రాయలేదు. 2015లో హర్యానా ప్రభుత్వం పంచాయతీల్లో పోటీకి చదువు నిబంధన పెట్టింది, సుప్రీంకోర్టు సరేనంది. రాజస్థాన్ కూడా పెట్టి, 2019లో ఎత్తేసింది. ఎమ్మెల్యేకు, ఎంపీకి మాత్రం ఆ నిబంధన లేనే లేదు. కిందివాని గడపకే తాళం!

మన ఊళ్లలో మునసబు, కరణం ఎట్లయినారు? తండ్రి పోతే కొడుకు. చిన్న చిన్న దావాలకు తీర్పు చెప్పే అధికారం కూడా మునసబుకు ఉండేది. ఆ కొడుకును అనుభవం ఎవరన్నా అడిగినారా? వంశాన్ని చూసి మునసబు పదవి ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబర్‌లో చెప్పింది. ఆ పదవులు రద్దయింది మాత్రం 1984లో. అన్నేళ్లూ చాటింపు వేసింది, కబురు మోసింది, కొలత గొలుసు లాగింది ఎవరు? మనోళ్లే. ఊరి పొలిమేర మనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఆ తీర్పు వచ్చిననాడు రాష్ట్ర ముఖ్యమంత్రి ఎవరు? మన కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య. లా చదివినాడు. 1952లోనే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయినాడు. 1960 జనవరిలో 38 ఏళ్లకు ముఖ్యమంత్రి. 1962 ఎన్నికలు కాగానే కుర్చీ నీలం సంజీవరెడ్డికి పోయింది. అనుభవమే కొలత అయితే ఆయనకేం తక్కువైంది?

ఇంగ అసలు సంగతి. చట్టమే అనుభవం అడిగిన కుర్చీ ఒకటుంది. అట్రాసిటీ కేసు నడిపే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ది. 1989 చట్టం 15వ సెక్షన్ ప్రకారం వకీలుగా ఏడేళ్లు తక్కువ కాకుండా పనిచేసి ఉండాలి. మన సర్పంచిని అనుభవం అడిగే పెద్దమనుషులు ఈ వకీలును ఎప్పుడన్నా అడిగినారా? మనమన్నా అడిగినామా? సాక్షులను ఎట్ల నిలబెట్టాలో తెలియని వకీలు చేతిలో పడితే నిజమైన కేసు కూడా కోర్టులో చస్తుంది. 1995 రూల్స్‌లో నాలుగో రూలు చూడండి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ వకీలును కలెక్టర్ పెట్టొచ్చు. ఆ కోరిక నోటితో చెప్పొద్దు. కాగితం మీద రాసియ్యండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.

మన అభ్యర్థిని కూడా అడగాల్సిందే. దొర నిలబెట్టిన కీలుబొమ్మ కూడా మన వాడలోనే పుట్టుంటాడు. కులం ఒక్కటే చూసి ఓటేస్తే కుర్చీలో మనోడుంటాడు, కలం దొర చేతిలో ఉంటుంది. అందుకే మూడు ప్రశ్నలు అడగండి. దెబ్బలు తిన్నోళ్లతో పోలీస్ స్టేషన్‌కు పోయి ఎఫ్ఐఆర్ రాయించినావా? రేషన్‌కో, కూలికో, ఇంటి పట్టాకో ఆఫీసు చుట్టూ తిరిగినావా? దొర ఖాళీ కాగితం ముందర పెడితే సంతకం చేయనని అంటావా?

దీనికి డిగ్రీ అక్కర్లేదు. చదువు రాకపోతే పక్కన చదివి వినిపించే పిల్లోణ్ణి మనం కూర్చోబెడదాం. తీర్మానాల పుస్తకం గ్రామసభలో గట్టిగా చదివించుదాం. విన్నంక వేలిముద్ర వేసినా అది అధికారమే. వినకుండా ఇంగ్లీషులో సంతకం చేసినా అది వెట్టే.

ఈత నేర్చుకోవాలంటే బావిలో దిగాల్సిందే. బావే మనది కాదన్నోళ్లు ఈపొద్దు ఈత రాదని ఎగతాళి చేస్తున్నారు. దిగుదాం. జై భీమ్!