ఉత్ప్రేరకము – ఒక మాత్ర కథ



తెలుగు పండితుడనై చిరకాలము పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టి నేను రసాయనశాస్త్రమును గూర్చి ముచ్చటించుట సాహసమే. కాని నా మోకాలినొప్పి నన్నిందుకు పురికొల్పినది.

ఆ నొప్పికై అప్పుడప్పుడు ఐబుప్రొఫేన్ మాత్రను వేసికొందును. మందుల కర్మాగారమున పనిచేయు నా పూర్వశిష్యుడు ఒకనాడు నన్ను చూడవచ్చెను. మా యూరిచెంత వెలసిన ఒక కర్మాగారపు మురుగువలన మా పొలములోని బావినీరు త్రాగుటకు పనికిరాకపోయినది. ఆ దుఃఖముతో, “నాయనా! నా నొప్పిని మాన్పు మాత్ర ఎవరి బావిని చెరచుచున్నదో!” అంటిని. వాడు చెప్పిన సంగతియే నేటి నా ప్రసంగము.

ఈ మందును 1961 ప్రాంతమున ఇంగ్లండునందలి బూట్స్ సంస్థలో స్టీవర్ట్ ఆడమ్స్, జాన్ నికల్సన్ అనువారు కనుగొనిరి. దానిని చేయు తొలిపద్ధతిలో ఆరు మెట్లుండెను. ప్రతి చర్యయు లోపము లేక జరిగినను, వినియోగమగు పదార్థముల తూకమున నూటికి 40 పాళ్లే మందగును. కడమ 60 పాళ్లు వ్యర్థము.

అందు తొలిమెట్టున అల్యూమినియం క్లోరైడును వాడుచుండిరి. దానికి ఉత్ప్రేరకమని పేరు. ఉత్ప్రేరకమనగా చర్యను త్వరపెట్టి, తాను వ్యయము గాక మిగులునది. సంబంధము కుదిర్చి ఇంకొక యింటికి సాగిపోవు పెండ్లిండ్ల పేరయ్యవంటిది. ఇదియో, పుట్టిన పదార్థమునే పట్టుకొని విడువదు. నీరుపోసి విడిపింపవలెను, అంతట అది పాడై మురుగున కలియును. “పేరునకే ఉత్ప్రేరకము, గురువుగారూ! ప్రతి పర్యాయమును క్రొత్తది పోయవలసినదే” అని వాడు నవ్వెను.

1992లో అమెరికాయందలి టెక్సాసు రాష్ట్రమున, బిషప్ అను ఊర, మూడే మెట్ల పద్ధతితో వేరొక కర్మాగారము ఆరంభమయ్యెను. మొదటి మెట్టునకు హైడ్రోజన్ ఫ్లోరైడు, రెండవదానికి నికెలు, మూడవదానికి పల్లేడియము ఉత్ప్రేరకములు. హైడ్రోజన్ ఫ్లోరైడును వేరుచేసి మరల మరల వాడుదురు. ఈ పద్ధతిలో నూటికి 77 పాళ్లు మందగును. తోడుగా పుట్టు ఎసిటికామ్లమును గూడ వాడుకొన్నచో 99 పాళ్లు సార్థకమగును. 1997లో దీనికి అమెరికా అధ్యక్షుని పేరిట ఇచ్చు హరిత రసాయన పురస్కారము లభించినది.

ఇది నిర్దోషమని చెప్పజాలను. హైడ్రోజన్ ఫ్లోరైడు చర్మమును తాకినచో ఎముకదాకను హానిచేయును. దానిని మిక్కిలి జాగరూకతతో కాపాడుకొనవలెను. అయినను ఒక సత్యము తేలినది. పుట్టిన మురుగును కడుగుటకంటె, మురుగు పుట్టని మార్గమును మొదటనే వెదకుట మేలు. మా బావి చెడిన పిదప దానిని బాగుచేయు ఉపాయము నాకెవ్వరును చెప్పలేకపోయిరి.

శిష్యుడు సెలవు తీసికొనునప్పుడు నేను కోరినది ఒక్కటే: “నాయనా! మీ కర్మాగారమున వేసినదెంత, మందైనదెంత, మిగిలినది ఎచ్చటికి పోవుచున్నది? ఈ మూడు లెక్కలును నీవు స్వయముగా చూడుము.” వాడు నవ్వలేదు, తల యూపి వెడలిపోయెను.