అంగడిలో పక్షపాతము
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము అంగడిని గూర్చి మాట్లాడదలచాను. సంఘ కూటములో అంగడి మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవానిని నిలువబెట్టిన సంఘమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో మందలించాడు. ఆ చూపు మనకు అలవాటయ్యేది మాత్రము బజారులోనే.

చీరల కొట్టు మెట్టెక్కగానే గుమాస్తా కన్ను ముందు చెప్పుల మీద, తరువాత మెడ మీద పడుతుంది. ఏ అరలోనుండి తీయవలెనో అంతటితో తేలిపోతుంది. ఒకామెకు 'రండమ్మా, కూర్చోండి' అని మర్యాద. తల్లి వయసున్న మరొకామెకు 'ఏం కావాలి నీకు?' పై అరలోని చీర చూపమంటే 'అది చాలా ఖరీదులే' అని జవాబు. ధర చెప్పవచ్చును గదా! వద్దనుకొంటే ఆమే వద్దంటుంది. మిరప అమ్మి పెండ్లి బట్టలకు వచ్చిన రైతు రొంటిన ఎంత ఉన్నదో గుమాస్తాకు ఎట్లు తెలియును?

2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక రైతు బండి కొనడానికి షోరూముకు వెళ్లాడు. జేబులో పది రూపాయలైనా ఉండవని అక్కడివారు ఎగతాళి చేశారట. ఆ రైతు గంటలోపల పది లక్షలు తెచ్చి చూపాడు. పత్రికలు మెచ్చుకొన్నవి, సంతోషమే. అయితే ఆ పది లక్షలు తేలేని రైతు సంగతేమిటి? అతనికి జరిగినది న్యాయమేనా? 2024 జూలైలో బెంగుళూరులో పంచె కట్టుకొన్న ఒక వృద్ధ రైతును, సినిమా టిక్కెట్టు ఉన్నా, మాల్‌లోనికి రానీయలేదు. ప్రభుత్వము ఆ మాల్‌ను ఏడు దినములు మూయించింది.

మన ఊళ్లలో ఈ చూపుకు పాత వేరొకటి ఉన్నది. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతిని మనలో పెద్దలు ఎరుగుదురు. అక్కడ బట్టలు కాదు, పేట చూసేవారు. కులమునుబట్టి గాని మతమునుబట్టి గాని దుకాణములో ఎవరినీ అడ్డగించరాదని రాజ్యాంగము 15వ అధికరణము చెప్పింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టము వచ్చింది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. కాని బట్టల మాట ఆ అధికరణములో లేదు. పేట పేరెత్తకుండ చెప్పులు చూచి చేసే అవమానము కోర్టుకు సులభముగా అందదు.

గుమాస్తాల పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. వారిలో మన బిడ్డలూ ఉన్నారు. ఉదయము మొదలు రాత్రి వరకు నిలబడే ఉద్యోగమది. కేరళలో బట్టల కొట్లలో పనిచేసే స్త్రీలు కూర్చొనే హక్కు కొరకు పోరాడగా 2018లో అక్కడ చట్టము సవరించారు. 2021లో తమిళనాడు కూడ సవరించింది. అమ్మకమునుబట్టి కమిషను ఇచ్చేచోట, కొనేటట్టు కనబడినవారి వెంటనే గుమాస్తా పరుగెత్తుతాడు. ఆ చూపు అతనికి నేర్పినది యజమానియే. అన్ని సరుకులకు ధర చీటి కట్టి, వచ్చిన వరుసనే పలుకరించమని చెప్పితే సగము బాధ తీరును. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

మన సంఘములో కొట్లు నడిపేవారు కొందరున్నారు. భోజనముల తరువాత వారితో ఈ సంగతి మాట్లాడుదము. కొట్లలో పనిచేసే మన పిల్లలను కూడ పిలుచుకొని రండి. వారికీ కుర్చీలు వేయించాను.