గుండె జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగము)



అమరకోశము హృదయశబ్దమును మనస్సునకు పర్యాయముగా చెప్పినది. కవుల హృదయము కరుగును, పొంగును, పగులును. నేడు నేను చెప్పబోవునది ఆ హృదయమును గూర్చి కాదు. మన ఱొమ్ము నడుమ, కొంచెము ఎడమకు ఒరిగి, పిడికెడు పరిమాణముతో నున్న కండరపు గుండెను గూర్చి. నేను వైద్యుడను గాను, లెక్కలు వ్రాయువాడను. కాని ఈ గుండె మర్మము తేలినది లెక్కవలననే యని మన గ్రంథాలయ పుస్తకములో చదివితిని. అదియే నన్నీ వేదిక యెక్కించినది.

గుండెలో నాలుగు గదులు కలవు. పై రెండును కర్ణికలు, క్రింది రెండును జఠరికలు. ప్రాణవాయువు తగ్గిన నెత్తురు సిరలద్వారా కుడి కర్ణికకు చేరి, కుడి జఠరికలోనికి దిగి, ఊపిరితిత్తులకు పోవును. అచ్చట ప్రాణవాయువును నింపుకొని ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికనుండి బృహద్ధమనిద్వారా సర్వాంగములకును ప్రవహించును. త్రోవలోని కవాటములు ఒకవైపునకే తెరచుకొనును. పోయిన నెత్తురును వెనుకకు రానీయవు. వైద్యుడు గొట్టము పెట్టి వినునది అవి మూతపడు చప్పుడే.

ఐరోపాయందు సుమారు 1400 సంవత్సరములు గ్రీకు వైద్యుడు గేలెన్ మాటయే వేదవాక్యము. తిన్న అన్నము కాలేయములో నెత్తురగుననియు, పొలము నీటిని పీల్చునట్లు అవయవములు దానిని పీల్చుకొనుననియు ఆయన మతము. ఆంగ్లేయ వైద్యుడు విలియం హార్వే 1628లో లెక్కకట్టి దీనిని త్రోసివైచెను. నేటి కొలతలతో ఆ లెక్క చూడుడు. ఒక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు; నిమిషమునకు 72 స్పందనలు. అనగా నిమిషమునకు 5 లీటర్లు, అరగంటకు 150 లీటర్లు. పెద్దవారి దేహమందలి నెత్తురంతయు కలిపి సుమారు 5 లీటర్లే! అరగంటలో 150 లీటర్లు కొత్తగా పుట్టవలెనన్న ఎన్ని బస్తాల బియ్యము తినవలెను? నిల్వ అంతయు, ఖర్చు ఇంతయు నున్నపుడు, ఖర్చైనదే మరల జమయగుచున్నదని చిన్న గుమాస్తాయైనను చెప్పును. హార్వే వేసికొన్న అంకెలు ఇంతకన్న తక్కువే. అయినను తేలిన ఫలితమదియే.

ధమనులనుండి సిరలకు పోవు దారి మాత్రము ఆయనకు కానరాలేదు. ఆయన 1657లో గతించెను. 1661లో ఇటలీ దేశీయుడు మాల్పీగి సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులయందు వెండ్రుకకన్న సన్ననైన కేశనాళికలను చూచెను. లెక్కలో తేలిన పద్దు 33 ఏండ్లకు కంటికి కనబడినది.

ఇక ముఖ్యవిషయము. ఇంత నెత్తురు తన గదులలోనుండి పోవుచున్నను, గుండె కండరము దానిని నేరుగా త్రాగదు. బృహద్ధమని మొదట చీలు రెండు చిన్న ధమనులే దానికి ఆహారము. ఖజానా ధనమంతయు చేతిమీదుగా పోవుచున్నను జీతముతోడనే బ్రతుకు ఉద్యోగివంటిది అది. ఆ చిన్న ధమని క్రొవ్వుచే ఇరుకై, అందు నెత్తురు గడ్డకట్టి మూసికొనిపోయెనా, కండరము చావనారంభించును. అదియే గుండెపోటు.

పదియేండ్ల క్రిందట మా పెదతండ్రిగారు తెల్లవారుజామున ఎదపై బరువు పెట్టినట్లున్నదని లేచి కూర్చుండిరి. చెమటలు పోసినవి, ఎడమచేయి లాగినది. వాయువనుకొని వాము కషాయమిచ్చి, తెల్లవారిన పిదప చూతమని కూర్చుంటిమి. ఆ ఉదయము ఆయన చూడలేదు. నేను చెప్పిన పుస్తకము అప్పటికే మన బీరువాలో నుండినది. మా యింట తీసి చదివినవారు లేరు.

కావున మహాశయులారా, ఎదలో బిగువు, దవడకో వీపునకో చేతికో ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము కనబడినచో వాయువని జాగుచేయకుడు. మధుమేహము గలవారికి నొప్పి లేకయే ఆయాసము మాత్రము కలుగవచ్చును. వెంటనే 108కి ఫోను చేయుడు. అచ్చట గడియ కాదు, నిమిషము లెక్క. పొగాకు మానుడు, రక్తపుపోటును అప్పుడప్పుడు చూపించుకొనుడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకొఱకు తలుపులు తెరచి యుంచినది. నేడు ఇంటికి పోవునపుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకము తీసికొని పొండు. సెలవు.