మద్దెల నిజంగా ఓడైతే



ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనందరికీ తెలిసిందే. తన చేతగానితనాన్ని వాయిద్యం మీదికి నెట్టేవాణ్ణి ఎగతాళి చేయడానికి పెద్దలు ఈ మాట వాడతారు. అయితే ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉండవచ్చు గదా! అప్పుడు ఆడేవాడి మొర ఎవరు వింటారు? బెంగుళూరులో ఏ పూల్ పార్లర్‌లో కాసేపు నిలబడినా ఈ తగాదా మీ చెవిన పడుతుంది. ఓడినవాడు కర్ర బాగాలేదంటాడు, గెలిచినవాడు నవ్వుతాడు. ఇద్దరిలో న్యాయం ఎవరివైపు ఉంది? మనకు చేతనైన అత్యుత్తమమైన ఆట బయటికి రావాలంటే సామగ్రి కూడా అంత మంచిదై ఉండాలా?

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. పోటీల్లో వాడే పూల్ టేబుల్ తొమ్మిదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. స్నూకర్, బిలియర్డ్స్ ఆడే టేబుల్ పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. క్యూ అనే కర్రతో తెల్లబంతిని కొట్టి, అది వెళ్లి తగిలిన బంతిని పాకెట్‌లో వేయాలి. ఆ తర్వాత తెల్లబంతి మన తర్వాతి దెబ్బకు అనువైన చోట ఆగాలి. మొదటి పని కొన్ని నెలల సాధనతో వస్తుంది. రెండోది కొందరికి జీవితమంతా పట్టుబడదు. సామగ్రి గొడవంతా ఈ రెండో పనిలోనే ఉంది.

సామగ్రి అనగానే అందరి చూపూ కర్ర మీదికే పోతుంది. చేతిలో ఉండేది అదే, కొనుక్కోగలిగిందీ అదే. నా లెక్కలో మాత్రం కర్రది చివరి వరుస. మొదటి పీట టేబుల్‌ది.

మంచి టేబుల్‌కు పచ్చగుడ్డ కింద ఉండేది చెక్క కాదు, రాయి. స్లేటు రాతి పలకలు పక్కపక్కన పరచి, అతుకులు పూడ్చి, రసమట్టంతో సరిచూసి, పైన ఉన్నిగుడ్డ బిగిస్తారు. ఇంగ్లండులో జాన్ థర్స్టన్ అనే తయారీదారు 1826లో స్లేటు వాడటం మొదలుపెట్టాడు. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు వంగుతుంది. రాయికి ఆ చపలత్వం లేదు. చవక టేబుళ్లలో ఇప్పటికీ రాతికి బదులు చెక్క పలకలే వేస్తారు. రెండు వానాకాలాలు గడిచాక వాటిమీద బంతిని మెల్లగా దొర్లించి చూడండి. చివరి అడుగులో పక్కకు జారిపోతుంది. దానికి ఏ సాధనా మందు కాదు.

అంచున ఉండే రబ్బరు కుషన్ల మాట కూడా అంతే. ఏ కోణంలో వెళ్లి తగిలితే ఆ కోణంలోనే తిరిగి వస్తుందని మేము బడిలో పాఠం చెబుతాం. అద్దం మీద పడ్డ వెలుగుకు అది ఎప్పుడూ నిజమే. బంతికి మాత్రం దాదాపుగా నిజం. బంతి వేగం, దానికున్న తిప్పుడు, రబ్బరు వయసు, ఈ మూడూ ఆ కోణాన్ని మారుస్తాయి. రబ్బరు గట్టిపడిన టేబుల్ మీద పెరిగిన కుర్రాడు మంచి టేబుల్ మీదికి వెళ్లిన రోజున వాడి లెక్కలన్నీ తప్పుతాయి.

గుడ్డ సంగతి మరీ సున్నితం. స్నూకర్ గుడ్డకు నూగు ఉంటుంది. అందుకే దాన్ని ఒకే దిశలో బ్రష్‌తో దువ్వి ఇస్త్రీ చేస్తారు. పూల్ గుడ్డ నున్నగా ఉంటుంది, బంతి జోరుగా పోతుంది. రెండూ గాలిలోని తేమను పీలుస్తాయి. 900 మీటర్ల ఎత్తున ఉన్న మన బెంగుళూరులో సైతం మార్చి నెల ఆట వేరు, జులై ముసురులో ఆట వేరు. విశాఖపట్నంలో సముద్రపు గాలి సోకిన టేబుల్ అయితే ఇక చెప్పనక్కరలేదు. పెద్ద స్నూకర్ పోటీల్లో టేబుల్ కింద నుంచి సన్నని వేడి తగిలేలా ఏర్పాటు చేసేది ఇందుకే.

ఇక బంతులు. ఒకప్పుడు వీటిని ఏనుగు దంతంతో చేసేవారు. దానికి ప్రత్యామ్నాయం చూపినవారికి 1860లలో అమెరికాలో పదివేల డాలర్ల బహుమతి ప్రకటించారు. జాన్ వెస్లీ హయ్యట్ సెల్యులాయిడ్ వైపు నడిచింది ఆ వెతుకులాటలోనే. ఇప్పటి మంచి బంతులు ఫినాలిక్ రెసిన్‌తో చేసినవి. పార్లర్లలో తరచుగా జరిగేదేమంటే, తెల్లబంతి పగిలితే వేరే సెట్టులోని పాత బంతిని తెచ్చి పెట్టేస్తారు. అది కాస్త అరిగి బరువు తగ్గినదైతే, ఎదుటి బంతిని సూటిగా గుద్ది అక్కడే ఆగవలసింది కాస్తా వెనక్కి తుళ్లుతుంది. ఆడేవాడు తన మణికట్టును తిట్టుకుంటాడు.

కర్ర దగ్గరికి వద్దాం. కర్రలో కూడా ప్రాణమంతా కొసన ఉన్న తోలు ముక్కలో ఉంది. దాన్నే టిప్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో ఫ్రాన్స్వా మింగో అనే ఫ్రెంచి సైన్యాధికారి, పారిస్ చెరసాలలో ఉండగా ఈ తోలు టిప్‌ను రూపొందించాడని చెబుతారు. తోలు వచ్చాకే బంతిని ఇష్టం వచ్చినట్టు తిప్పడం సాధ్యమైంది. గట్టిపడి నున్నబడిన టిప్ చాక్‌ను పట్టుకోదు, దెబ్బ జారిపోతుంది. చాక్ అంటే మా బడి సుద్దముక్క కాదు లెండి. అది సిలికా వంటి గరుకు పొడులతో చేసే దినుసు.

సొంత కర్ర కావాలనే వారి వాదనలో ఒక నిజం ఉంది. బంతిని మధ్యలో కాక ఎడమవైపు కొడితే అది గురిపెట్టిన దారికి కొంచెం కుడిగా బయలుదేరుతుంది. ఎంత కుడిగా అన్నది కర్ర ముందుభాగం బరువును బట్టి ఉంటుంది. ఆ తేడాను లెక్కలోకి తీసుకోవడం చేతికి అలవాటు కావాలి. రోజుకో కర్ర పట్టేవాడికి ఆ అలవాటు ఎన్నటికీ కుదరదు. కాబట్టి కావలసింది ఖరీదైన కర్ర కాదు, మారని కర్ర. స్కాట్లండు ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ చిన్నతనంలో కొన్న కర్ర ఖరీదు సుమారు 40 పౌండ్లు. 1990 నుంచి 1999 లోపు ఏడు ప్రపంచ టైటిళ్లు దానితోనే గెలిచాడు. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగిపోయింది. ఆ ఏడాదే నవంబరులో కొత్త కర్రతో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఎనిమిదో ప్రపంచ టైటిల్ మాత్రం రాలేదు. కర్ర పోయినందుకా, వయసు మీద పడినందుకా? అభిమానులు ఎవరికి తోచింది వారు చెబుతారు.

నాకు తోచింది ఇది. మంచి సామగ్రి మనకు లేని నేర్పును అప్పివ్వదు. అది తక్కెడ వంటిది. తక్కెడ సరుకును పెంచదు, ఎంత ఉందో అంతే చూపిస్తుంది. ఓటి టేబుల్ మీద సరిగా కొట్టినవాడు తప్పుతాడు, తప్పుగా కొట్టినవాడికి కలిసొస్తుంది. అలాంటి చోట నేర్చుకునేవాడికి ఏది దిద్దుకోవాలో తెలియదు. వయసొచ్చిన ఆటగాడు దాన్ని పసిగట్టి సర్దుకుంటాడు. నష్టపోయేది నేర్చుకునే పిల్లలే.

మన ఊరి నుంచి ఛాంపియన్లు రావడానికి కారణం కూడా ఇక్కడే వెతకాలి. ఈ ఆటలు చాలాకాలం క్లబ్బుల తలుపుల వెనకే ఉండేవి. స్నూకర్ నియమాలు రాసి పెట్టింది 1882లో ఊటీ క్లబ్బులో. ఆ తలుపులు కొద్దిగా తెరుచుకున్న ఊళ్లలో బెంగుళూరు ఒకటి. ఇక్కడ కర్ణాటక రాష్ట్ర బిలియర్డ్స్ సంఘం ఉంది, మంచి టేబుళ్లున్నాయి, నేర్పేవాళ్లున్నారు. మాజీ జాతీయ స్నూకర్ ఛాంపియన్ అరవింద్ సవూర్ శిక్షణలో ఎదిగిన పంకజ్ అద్వానీ 2003లో చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ గెలిచి, బిలియర్డ్స్, స్నూకర్లలో కలిపి పాతికకు పైగా ప్రపంచ టైటిళ్లు సాధించాడు. కర్ణాటక ఉద్యానవన శాఖ ఉద్యోగిని ఉమాదేవి నాగరాజ్ ఉద్యోగంలో చేరాకే క్యూ పట్టి, 2012లో ప్రపంచ మహిళల బిలియర్డ్స్ టైటిల్ గెలిచారు. ఆమెకు అందుబాటులో ఒక సరైన టేబుల్ లేకపోతే ఆ నేర్పు ఆమెలో ఉన్నట్టు ఆమెకే తెలిసేది కాదేమో.

మీ టేబుల్ ఓటిదో కాదో తేల్చుకోవడం కష్టం కాదు. తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు, అందరికీ జరుగుతుంటే అది టేబుల్‌ది. ఒకసారి ఇటు, ఒకసారి అటు, అదీ మీ ఒక్కరికే అయితే సంగతి వేరు.

మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన మొన్న అడిగారు. "మావాడు సొంత క్యూ కావాలని పట్టుబట్టినాడు సార్. నా నెల జీతంలో సగం పోతాది. కొనిమ్మంటారా?" హిందూపురం నుంచి వచ్చి పీణ్యలో పనిచేసే మనిషి. ఆ డబ్బుతో మంచి టేబుల్ ఉన్న చోట గంటలు కొనమన్నాను. పార్లర్ కర్రల్లో తిన్ననిదొకటి ఎంచి, టిప్ మార్పించి, ఆరు నెలలు అదే వాడనివ్వమన్నాను. ఆ తర్వాత పిల్లవాడు 'కర్ర బాగాలేదు' అని ఊరుకోకుండా, 'ఎడమవైపు కొడితే ఈ కర్ర బంతిని ఇంత కుడికి నెడుతోంది నాయనా' అని చెప్పగలిగితే, అప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లమన్నాను.

సెలవు.